రెండో గాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా నాన్న భుజం ఎముక విరిగింది. తిత్లీ తుపాను ఇంటి కప్పు మీద పడి అరుస్తున్నంతసేపూ ఆయన నడిమింట్లో అమ్మ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. అప్పుడేమీ కాలేదు. గాలి ఆగింది, తుపాను దాటిపోయింది అని నమ్మి, తలుపు తీసుకుని బయటికి వెళ్లాక విరిగింది.

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక పల్లె. ఒక పక్క మహేంద్రగిరి, ఇంకో పక్క సముద్రం, మధ్యలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానం అయిందని మా పెద్దలు చెబుతారు. నేను ఉద్యోగరీత్యా శ్రీకాకుళంలో ఉంటూ, బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. ఆ ఏడాది దసరాకని ఊరికి వచ్చి ఉన్నాను.

కరెంటు అర్ధరాత్రికి ముందే పోయింది. గాలి ఈశాన్యం నుంచి వచ్చింది. పెంకులు ఒకటొకటిగా కాక వరుసలకు వరుసలే లేచిపోయాయి. చీకట్లో కొబ్బరి చెట్టు పడటాన్ని చెవితోనే చూడాలి: తడిబట్టను బండ మీద బాదినట్టు ముందు ఒక చప్పుడు, ఒక లిప్త ఆగి నేల అదురు. నాన్న మొదట్లో లెక్కపెట్టారు. పదిహేడు దాకా ఆయన పెదవులు కదలడం దీపం వెలుగులో చూశాను. ఆ తర్వాత లెక్క మానేసి తల దించుకున్నారు.

ఐదు గంటల వేళ గాలి ఉన్నట్టుండి పడిపోయింది. వాన కూడా సన్నబడింది. చెవుల్లో హోరు మాత్రం మిగిలింది. పక్కింటి బాబాయి గోడ అవతలి నుంచి కేకేశారు: "దాటేసిందట! మన మీదుగానే తీరం దాటేసిందట!" ఎవరో ఫోనులో చెప్పారట. నాన్న టార్చిలైటు తీసుకుని లేచారు. శాలలో ఆవు ఉంది, దాని సంగతి చూడాలి. అమ్మ వద్దంది. "దాటేసిందంటున్నారు కదా, ఇంకా భయం ఎందుకు?" అన్నారు ఆయన. నేను ఆపలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కూర్చోవడానికి కారణం అదే. ఆ మాటను నేను కూడా ఆయనలాగే అర్థం చేసుకున్నాను.

ఇరవై నిమిషాలు గడిచాయేమో. గాలి మళ్లీ వచ్చింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి, నైరుతి నుంచి. మొదటి గాలికి ఇల్లు అడ్డుగా నిలిచి పశువుల శాలను కాపాడింది. రెండో గాలికి ముందు నిలబడింది శాలే. దాని కప్పు ఒక్క ఊపులో లేచిపోయింది. నాన్న ఆవు పలుపు చేతికి చుట్టుకుని బావి గట్టు పక్కన కూలబడ్డారు. నీళ్లు తాగి బరువెక్కిన పచ్చి కొబ్బరి మట్ట ఒకటి చెట్టు నుంచి తెగి వచ్చి ఎడమ భుజం మీద పడింది. ఇంటి గడపకూ ఆ బావి గట్టుకూ మధ్య పాతిక అడుగుల దూరం. తెల్లవారి గాలి తగ్గేదాకా ఆ పాతిక అడుగులు దాటి నేను ఆయన దగ్గరికి చేరలేకపోయాను. టార్చిలైటు కింద పడి, బురదలో వెలుగుతూనే ఉంది. ఆయన ఉన్నారో లేరో చెప్పడానికి నాకు ఆ వెలుగు తప్ప ఇంకేమీ లేదు.

"తీరం దాటింది" అన్న మాటకు వాతావరణ శాస్త్రంలో ఒక అర్థం ఉంది, మా ఊళ్లో ఇంకో అర్థం ఉంది. శాస్త్రంలో దాని అర్థం తుపాను కేంద్రం, అంటే నడుమ గాలి ఆగి ఉండే కన్ను, నీటి మీది నుంచి నేల మీదికి అడుగుపెట్టిందని. అంటే తీరంలో ఉన్నవాళ్లకు సగమే అయింది, ఇంకో సగం ఉంది. లోపలి ఊళ్లకైతే అసలు అప్పుడే మొదలు. తెలుగులో దాటడం అంటే గడిచి బయటపడటం. ఏరు దాటాం, గండం దాటింది, పొద్దు దాటింది. బతుకంతా ఇలాగే వాడిన మాటను ఆ ఒక్క రాత్రి శాస్త్రవేత్తలాగా వినమంటే ఏ రైతు వినగలడు? టీవీలో దాటింది అని వినపడగానే ప్రాణం కుదుటపడుతుంది, చేయి తలుపు గడియ మీదికి పోతుంది. ఆ మాట వల్ల మనుషులు పోతారని నేను గట్టిగా నమ్ముతున్నాను. పెనుగాలి ప్రమాదాన్ని ఒక గీత దాటడంతో కొలవడం మానుకోవాలి. ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఏ దిక్కు నుంచి, ఆగితే ఎంతసేపు ఆగుతుంది, తిరిగి ఎటు నుంచి వస్తుంది అని చెప్పడం నేర్చుకోవాలి.

ఇలా చెప్పడం సాధ్యమేనని నాకు తెలిసింది చిత్రంగా సముద్రమే లేని చోటు నుంచి.

2021 డిసెంబరు మొదటి వారంలో జవాద్ తుపాను మా మీదికి వస్తోందన్నారు. ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో బడులకు సెలవులిచ్చారు, రైళ్లు రద్దు చేశారు, తీరం ఊళ్ల నుంచి జనాన్ని తరలించారు. మా అమ్మ తిత్లీ తర్వాత తుపాను పేరెత్తితేనే వణికిపోయేది. జవాద్ సముద్రంలోనే బలం తగ్గి, తీరం వెంబడి పూరీ వైపు సాగిపోయింది. అమ్మ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ రోజు కడుపునిండా తిన్నది. ఆ తర్వాత పది రోజులు గడిచాయో లేదో, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా అక్క కూతురు ఫోను చేసింది.

"మామయ్యా, ఇక్కడ తుపాను గాలి వీస్తోంది. వాన చుక్క లేదు. దుమ్ములోంచి ఎండ కూడా కనిపిస్తోంది," అంది. వెనక ఆ హోరు నాకు వినపడుతోంది. ఆ హోరు నాకు తెలుసు. ఫోను పట్టుకున్న చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

అది డిసెంబరు 15. చలికాలం నడుమ ఆ దేశం మధ్య భాగమంతా లోగడ ఎన్నడూ లేనంత వెచ్చగా ఉండి, అంతలో ఒక బలమైన అల్పపీడనం, దాని వెంట చల్లగాలి వచ్చిపడ్డాయి. పశ్చిమ కాన్సాస్‌లో రేగిన దుమ్ముకు కారు ముందు ఏముందో కనిపించక పెద్ద జాతీయ రహదారినే మూసేశారు. ఎండిన గడ్డి మైదానాలకు నిప్పంటుకుని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. రసెల్ అనే చిన్న పట్టణంలో గాలి విసురు గంటకు 160 కిలోమీటర్లు తాకింది. తిత్లీ తీరానికి వచ్చినప్పుడు మన వాతావరణ శాఖ చెప్పిన వేగం గంటకు 140 నుంచి 150, ఉండుండి వచ్చే విసురు 165. సముద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న గోధుమ పొలాల మీద మా తిత్లీ విసురుకు దాదాపు సమానమైన విసురు!

ఇలా ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచును వాళ్లు కోల్డ్ ఫ్రంట్ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో శీతల వాతాగ్రం. నేను ఏటా పిల్లలకు రెండు వాక్యాల్లో చెప్పి దాటేసే పాఠమే. ఈసారి కూర్చుని సరిగ్గా చదివాను. ఫ్రంట్ అన్న పేరు మొదటి ప్రపంచయుద్ధం ఇచ్చింది. నార్వేలోని బెర్గెన్ నగరంలో విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్, ఆయన కొడుకు జాకబ్, వారి తోటివాళ్లు ఆ కాలంలో వాతావరణాన్ని కొత్తగా అర్థం చేసుకుంటున్నారు. రెండు సేనలు ఎదురుపడి నిలిచే యుద్ధరేఖలాగే చల్లగాలి, వెచ్చగాలి కలబడే రేఖ ఒకటి ఉంటుందని వాళ్లు పసిగట్టి దానికి ఆ పేరు పెట్టారు.

చల్లగాలి బరువైనది. కట్టె చీల్చడానికి దిగ్గొట్టే మేకులాగా అది వెచ్చగాలి అడుగుకు దూరి దాన్ని పైకి ఎత్తేస్తుంది. ఎత్తిన చోట మబ్బు, ఉరుము, వాన. ఆ వాన చాలాసార్లు సన్నని పట్టీలాగా వచ్చి, గీత దాటగానే వెలుస్తుంది. ఆకాశం తేటపడుతుంది. చాలాసార్లు నష్టం చేసే గాలి మొదలయ్యేది అప్పుడే. వెనక చల్లగాలి గుట్టగా పోగుపడటంతో అక్కడ పీడనం గబగబా పెరుగుతుంది, ముందున్న అల్పపీడనానికీ దానికీ మధ్య వాలు నిటారవుతుంది. కాలువ వాలు పెరిగితే నీరు ఎలా ఉరుకుతుందో గాలీ అలాగే ఉరుకుతుంది. దానికి తోడు ఇంకొకటి జరుగుతుంది. ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున గాలి ఇంకా వేగంగా పరుగెడుతూ ఉంటుంది. ఎండకు నేల కాగి అడుగు గాలి పైకి లేస్తుంటే, పై గాలి కిందికి దిగుతుంది. కవ్వంతో మజ్జిగ చిలికినట్టు పైదీ కిందిదీ కలిసిపోతాయి. దిగే గాలి తన వేగాన్ని పైనే వదిలి రాదు, వెంట తెచ్చి నేల మీద కొడుతుంది. అందుకే ఆకాశం ఎంత తేటపడి ఎండ ఎంత ఎక్కితే విసుర్లు అంత పదునెక్కుతాయి. వాన వెలిసింది, ఎండ వచ్చింది అని మనం ఊపిరి పీల్చుకునే వేళే అసలు వేళ.

మరుసటి ఏడాది, 2022 డిసెంబరు 23న, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం మీదుగా ఇంతకంటే కఠినమైన ఫ్రంట్ దాటింది. పొద్దున మామూలు చలికాలపు రోజులాగే మొదలైన ఆ రోజు, కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి చాలా కిందికి పడిపోయింది. ఈరీ సరస్సు మీదుగా గంటకు 110 కిలోమీటర్లు దాటిన విసుర్లు మంచును మోసుకొచ్చాయి. ఆ చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో చిక్కుకుని, కొందరు కరెంటు పోయిన ఇళ్లలో చలికి, కొందరు దారి కనిపించక వీధుల్లోనే పోయారు.

ఆ చల్లగాలి మా దాకా రాదు. ఉత్తరాన హిమాలయాలు అడ్డు నిలుస్తాయి. వాయవ్యం నుంచి జారి వచ్చిన కొంత చలీ మైదానాల మీదుగా వచ్చేసరికి వాడి తగ్గుతుంది. మాకు డిసెంబరు అంటే పొగమంచు, కొండ మీది నుంచి దిగే తెల్లవారు చలి, ఎప్పుడైనా ఒక తుపాను. తుపానుకు ప్రాణం వెచ్చని సముద్రం, ఫ్రంటుకు ప్రాణం చల్లగాలికీ వెచ్చగాలికీ ఉన్న వైరం. రెండూ ఒకటని నేను అనడం లేదు. మనుషులు చేసే పొరపాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. వెలిసిందని తలుపు తీస్తారు.

ఆ కాన్సాస్ గాలి రోజున మా మేనకోడలు తన ఫోనులో ఉన్న హెచ్చరికను నాకు తెలుగులో చెబుతూ చదివింది. ముందు రోజే వచ్చిందట. అందులో వాన ఊసే లేదు, అది గాలికి మాత్రమే ఇచ్చిన హెచ్చరిక. ఏ ఏ కౌంటీలకు, అంటే అక్కడి జిల్లాలకు, ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగుస్తుంది, ఏ దిక్కు నుంచి వస్తుంది, నిలకడగా ఎంత, విసురు ఎంత, చెట్లు, తీగలు, కప్పులు ఏమవుతాయి అన్నీ ఉన్నాయి. అక్కడ సాధారణంగా గాలి గంటసేపు నిలకడగా 40 మైళ్ల వేగంతో, అంటే 64 కిలోమీటర్లతో వీస్తుందన్నా, విసురు 58 మైళ్లు, అంటే 93 కిలోమీటర్లు తాకుతుందన్నా ఈ హెచ్చరిక ఇస్తారు. తుపాను ఉండనక్కర్లేదు, మబ్బు కూడా ఉండనక్కర్లేదు. గాలి ఒక్కటే చాలు.

చదవడం అయ్యాక కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "మామయ్యా, ఆ రోజు తాతయ్యకు ఇలా ఎవరైనా చెప్పి ఉంటే?" అంది.

ఆ ప్రశ్నను నేను మోస్తూ వచ్చాను. మన వాతావరణ శాఖకు ఆ విద్య రాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. తుపాను ఎక్కడికి వస్తుందో ఒకటి రెండు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. 1999లో ఒడిశాలో వేల ప్రాణాలు తీసిన మహాతుపాను రోజులకూ ఈ రోజులకూ పోలికే లేదు. తుపాను హెచ్చరికల్లో మన శాఖకు నాలుగు అంచెలు ఉన్నాయి. ముందస్తు సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. ఇక నాలుగోది, తుపాను తీరానికి చేరడానికి కనీసం 12 గంటల ముందు ఇచ్చేది, దాటిన తర్వాత ఏం జరుగుతుందో చెప్పేది. అవును, దాటిన తర్వాత! అది ఎటు కదులుతుంది, లోపలి జిల్లాల్లో గాలి, వాన ఎలా ఉంటాయి అన్నది అందులో ఉంటుంది. నాకు కావలసిన మాట మన వ్యవస్థలోనే, కాగితం మీద, ఎన్నో ఏళ్లుగా ఉంది. మా ఊళ్లో ఒక్కరికైనా దాని పేరు తెలుసేమోనని అడిగి చూశాను. నేను సైన్సు మాస్టారిని, నాకే తిత్లీ తర్వాత తెలిసింది.

అందరికీ తెలిసింది ఏమిటంటే నంబరు. కళింగపట్నంలో, భీమునిపట్నంలో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు అన్నది ప్రతి టీవీ చెబుతుంది, ప్రతి పత్రిక రాస్తుంది. మా ఊళ్లో ముసలమ్మలు కూడా "పదో నంబరట" అని భయపడతారు. ఆ నంబర్లు, 1 నుంచి 11 దాకా, రేవులో ఉన్న ఓడల కోసం పెట్టినవి. రేవు విడిచి వెళ్లాలా, తుపాను రేవుకు ఎడమగా పోతుందా కుడిగా పోతుందా అని నావికుడికి చెప్పే సంకేతాలు. నావికుడికి అవి ప్రాణం. జీడితోటలో గుడిసె వేసుకుని ఉన్నవాడికి ఆ నంబరు ఏం చెబుతుంది? ఎప్పుడు లోపల ఉండాలో చెప్పదు, ఎప్పుడు బయటికి రావచ్చో అసలే చెప్పదు. ఓడలకు చెప్పే మాటను ఇంటింటా వినిపించి, ఇళ్లకు చెప్పాల్సిన మాటను బులెటిన్ చివరి పేజీలో వదిలేస్తున్నాం. దీనికి తప్పు ఎవరిదని వెతకడం నాకు ఇష్టం లేదు. చదివి వినిపించేవాళ్లు ఎవరైనా సరే, ఆ చివరి పేజీ కూడా చదవమని వేడుకుంటున్నాను.

తిత్లీ "దాటాక" ఏం జరిగిందో చూడండి. గాలి, వాన ఒడిశా లోపలికి వెళ్లాయి. గజపతి జిల్లా కొండల్లో, వానకు తాళలేక రాతి చాటున తలదాచుకున్న గిరిజనుల మీద కొండచరియ విరిగిపడింది. ఆ తుపానులో ఎక్కువ ప్రాణాలు పోయింది తీరంలో కాదు, ఆ కొండల్లోనే. అక్కడ కురిసిన వానంతా వంశధారలో, మహేంద్రతనయలో, బాహుదాలో దిగి మా జిల్లా మీదికే తిరిగి వచ్చింది. గాలికి తోట పోయిన రైతుకు ఆ వరదకు వరి కూడా పోయింది.

చెట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఉద్దానంలో రెండో గాలి చేసిన పని వాటిలో కనిపిస్తుంది. మొదటి గాలికి చెట్టు ఒక వైపు ఒరుగుతుంది. వానకు నానిన ఇసుక నేలలో వేళ్లు ఒక పక్క తెగుతాయి, ఇంకో పక్క బిగుసుకుంటాయి. ఆ బిగువు మీదే అది ఇంకా నిలబడి ఉంటుంది. గాలి ఆగినప్పుడు చూస్తే బతికినట్టే ఉంటుంది. రెండో గాలి ఎదురు దిక్కు నుంచి వచ్చి, మిగిలిన ఆ పక్కనే పట్టుకుంటుంది. మా తోటలో పడిన జీడిచెట్లను తెల్లవారాక చూశాను. ఎర్రమట్టి ముద్దలతో వేళ్లు ఆకాశానికి తిరిగి ఉన్నాయి. కొన్ని నైరుతికి పడ్డాయి, అవి మొదటి గాలివి. చాలావరకు ఈశాన్యానికి పడ్డాయి. నాన్న ఒక చేయి జోలెలో పెట్టుకుని, రెండో చేత్తో ఒక్కో చెట్టునూ చూపిస్తూ "ఇది ముందు పోయింది, ఇది తర్వాత పోయింది" అని చెబుతుంటే, చదువుకున్నవాడిని నేనా ఆయనా అనిపించింది.

జీడి అంటు నాటితే మూడో ఏడు నుంచి కాస్త కాపు చూడవచ్చు. కొబ్బరికి అలా కాదు. నాటు రకం మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు, వచ్చాక అరవై ఏళ్లు, ఇంకా పైన కూడా కాస్తుంది. తాత నాటితే మనవడు తింటాడు అంటారు. దానికి ఎదిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. కొమ్మలున్న చెట్టుకు ఒక కొమ్మ పోతే ఇంకోటి వేస్తుంది. కొబ్బరికి మొవ్వు విరిగితే అంతే, కాండం నిలువునా పచ్చగా ఉన్నా అది చచ్చిన చెట్టే. పైకి బాగానే నిలబడిన చెట్లు కూడా రెండు మూడేళ్లు సరిగా కాయలేదు, గెల బయటికి రావడానికి రెండేళ్లకు పైగా ముందే మొవ్వులో దాని పుట్టుక జరిగి ఉంటుంది కాబట్టి. ఆ మొవ్వును గాలి మెలిపెట్టి వదిలింది. పడిన మొద్దులు కుళ్లి కొమ్ముపురుగుకు పుట్టిళ్లయ్యాయి, ఆ పురుగు మిగిలిన చెట్ల మొవ్వులను తొలిచింది. గాలి కొట్టింది ఒక్క పూట. ఆ దెబ్బ ఏళ్ల తరబడి తగులుతూనే ఉంది.

హెచ్చరిక ఎంత బాగున్నా చెట్లను ఆపగలదా అని నా స్నేహితుడొకడు అడిగాడు. ఆపలేదు. గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. 75 కిలోమీటర్ల గాలిని ఓర్చుకున్న చెట్టు 150 కిలోమీటర్ల గాలికి నాలుగు గాలులను ఒక్కసారిగా ఎదుర్కోవాలి. నాన్న చెట్లు ఆ రోజు ఎలాగూ పోయేవి. నాన్న భుజం మాత్రం పోనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా దాటినప్పుడు కూడా నట్టనడి పగలు గాలి ఆగి, మళ్లీ విరుచుకుపడింది. విజయనగరంలో ఉన్న మా బంధువులు ఆ రెండో విడతనే ఇప్పటికీ తలుచుకుంటారు. నాలుగేళ్ల తేడాలో పక్క పక్క జిల్లాలు ఒకే పాఠాన్ని చూశాయి. మొదటి దాన్నుంచి రెండో దానికి ఆ పాఠం అందలేదు.

ఇంకొందరు అంటారు, హెచ్చరికలు ఎక్కువైతే జనం పట్టించుకోవడం మానేస్తారని, జవాద్ రాలేదు కదా అని. ఆ భయం నిజమైనదే. జవాద్ తర్వాత మా ఊళ్లో "ఊరికే భయపెట్టారు" అన్నవాళ్లు ఉన్నారు. అయితే విసిగించేది హెచ్చరికల సంఖ్య కాదనుకుంటాను. రెండు రోజులపాటు తుపాను తుపాను అని ఒకే మాట వినిపిస్తే విసుగే వస్తుంది. రాత్రి ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా అని చెబితే, ఆ కొన్ని గంటలు లోపల ఉండటం ఎవరికీ బరువు కాదు. అది తప్పినా క్షమిస్తారు. వాన వస్తుందని వడ్లు ఎత్తిపెట్టుకుని, రాకపోతే మళ్లీ ఆరబెట్టుకునే మనుషులం మేము.

తుపాను లేకుండా వచ్చే గాలులకూ ఇదే వర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయనగరం జిల్లా మామిడి రైతును అడగండి. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ, సాయంత్రం వాయవ్యాన నల్లమబ్బు, ముందు ఒక చల్లని గాలి కెరటం. మబ్బులో వాన పడుతూ చల్లబడిన గాలి కుప్పగా నేల మీదికి కూలి, నలువైపులకూ పారుతుంది. దాని అంచు అచ్చంగా చిన్న కోల్డ్ ఫ్రంటే. పాఠంలో కాన్సాస్ దాకా పోనక్కర్లేదు, మన గుమ్మంలోకే ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. పది నిమిషాల్లో కోతకు వచ్చిన సువర్ణరేఖ కాయంతా నేల మీద ఉంటుంది. దాన్ని "ఈదురుగాలులతో కూడిన వర్షం" అనే ఒకే వాక్యంలో, జిల్లా మొత్తానికి చెబుతున్నాం. ఆ వాక్యంలో వర్షం ముందుకు వస్తుంది, గాలి దానికి తోకలా వేలాడుతుంది.

నాన్నకు ఇప్పుడు డెబ్బై నాలుగు. ఎడమ చేయి తల దాకా ఎత్తలేరు. పడిన చోటే మళ్లీ కొబ్బరి నాటారు. ఆ మొక్కలకు ఇప్పుడిప్పుడే తొలి గెలలు వస్తున్నాయి. మొన్న గ్రామసభలో నేను ఒక విన్నపం ఇచ్చాను: తుపాను రోజున ఆటోకు మైకు కట్టి తిప్పేటప్పుడు, తరలివెళ్లండి అనే మాటతో పాటు రెండో గాలి సంగతి కూడా చెప్పాలని. రాసి ఇవ్వండి, చదివిస్తాం అన్నారు. ఆ రాత్రే కూర్చుని రాశాను.

"గాలి ఆగిందని తలుపు తీయకండి. అది తుపాను కన్ను. మొదట ఈశాన్యం నుంచి వీచిన గాలి, కాసేపు ఆగి, అంతే బలంతో నైరుతి నుంచి తిరిగి వస్తుంది. తీరం దాటింది అని విన్నా బయటికి రావద్దు. పశువులను చీకటి పడకముందే రెండు వైపులా చాటు ఉన్న చోటికి మార్చండి. రావచ్చు అని మేము మళ్లీ వచ్చి చెప్పేదాకా ఇంట్లోనే ఉండండి."

నాన్నకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. ఇంకోసారి చదవమన్నారు.

"ఈశాన్యం, నైరుతి అంటే చీకట్లో ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "ఇచ్ఛాపురం వైపు నుంచి, టెక్కలి వైపు నుంచి అని రాయి."

కొట్టేసి అలాగే రాశాను.